మా అత్త తిప్పిన మూలలు

మా మేనత్త చనిపోయింది. ఆ కబురు నాకు నాన్నే తెచ్చాడు. మా దీవిలో నా పుట్టిల్లు ఉన్న బాన్ అక్యూయ్ నుంచి నేను కాపురం ఉంటున్న పిటాన్ దాకా చెరుకుతోటల మధ్య నడిచి వచ్చి, గుమ్మం ఎక్కకుండా వాకిట్లోనే నిలబడి, "అక్క ఎల్లిపోనాదే అమ్మీ" అన్నాడు. ఎవరి బండి అయినా అడిగి ఎక్కి రావచ్చు కదా అని నేను అడగలేదు. నడిచి వస్తే ఆ మాట చెప్పడం కాస్త ఆలస్యమవుతుందని అనుకున్నాడేమో.

మేము వెళ్ళేసరికి ఎస్టేటు కూలీల కాంపులో ఆడవాళ్ళంతా చేరి ఒకటే మాట అంటున్నారు. పాపం. పాపం, చిన్న వయసులోనే బొట్టు పోయింది. పాపం, కడుపు పండలేదు. పాపం, అటు చర్చి మఠానికీ ఇటు మన మందిరానికీ కాకుండా పోయింది. నాకు ఏడుపు కన్నా ముందు ఒళ్ళు మండింది. ఇది చదివే మీకు మొదటే చెబుతున్నాను, ఆమె గురించి ఆ మాట నేను రాయను. మీరూ అనుకోకండి. చివరికి రెండు చోట్లా ఆమెను లోపలికే పిలిచారు. రెండు చోట్ల నుంచీ తన కాళ్ళ మీద తను నడిచి వచ్చేసింది. అదెలాగో చెప్పడానికే కూర్చున్నాను.

అత్త లేసు అల్లేది. సూదితో కుట్టే లేసు కాదు. గడ్డి కూరిన గట్టి దిండు మీద చిల్లులు పొడిచిన అట్ట పరిచి, ఒక్కో చిల్లులో ఒక్కో గుండుసూది గుచ్చుతూ, దారం చుట్టిన సన్నని కర్ర కండెలను జతలు జతలుగా అటూ ఇటూ దాటించి మెలిపెట్టే లేసు. పక్క గదిలో ఆమె పనిచేస్తుంటే ఎవరో చింతగింజలు కలుపుతున్నట్టు చప్పుడు వచ్చేది. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటూనే నేను నిద్రపోయేదాన్ని.

అల్లడం ఎవరైనా నేర్చుకుంటారు. ఆ అట్ట మీద చిల్లులు ఎక్కడెక్కడ పొడవాలో గీసేవాళ్ళు ఒకరుంటారు. అసలు పని వాళ్ళది. అందులోనూ తిన్నగా సాగిపోయే పట్టీ గీయడం పెద్ద విషయం కాదు. చిక్కంతా మూల దగ్గరే. రుమాలుకి గానీ బల్లగుడ్డకి గానీ అంచు వేయాలంటే లేసు నాలుగు చోట్ల తిరగాలి. తిరిగే చోట లోపలి అంచు ఒక్క చుక్కకి కుంచించుకుపోతుంది, బయటి అంచు బారెడు సాగుతుంది. ఫ్రాన్సు నుంచి ఓడ మీద వచ్చే అట్టల్లో చాలావాటికి మూలే ఉండేది కాదు. మఠంలో పనిచేసే అమ్మాయిలు మూల రాగానే లేసును కుచ్చులా ముడిచి కుట్టేసేవారు, లేకపోతే కత్తిరించి అతికేవారు. అత్త మాత్రం, మా దీవి క్రేయోల్‌లో, "నాన్, మో పా కూపే" అనేది. నేను కొయ్యను అని. కోసి అతికిన మూలను వేలితో తడిమి, ముఖం పక్కకి తిప్పేసుకునేది.

ఆమె మఠానికి ఎలా వెళ్ళిందో చెప్పాలి. మలేరియా మామయ్యను తీసుకుపోయేనాటికి అత్త ఇంకా చిన్నది. తమ్ముడైన మా నాన్న ఇంటికి వచ్చేసింది. అంతకు ముందు కాంపు మొత్తానికి ఆమె ముగ్గులే ముగ్గులట. పెళ్ళిళ్ళకి, అమ్మోరి పండక్కి వచ్చి చుక్కలు పెట్టమని బతిమాలి తీసుకుపోయేవారట. మామయ్య పోయాక ఒక పొద్దున్న పిండి తట్ట పట్టుకుని వాకిట్లోకి వెళ్తుంటే, ఇక నువ్వు పెట్టకూడదని మా నానమ్మే అడ్డం వచ్చింది. అత్త తట్ట అక్కడే దించేసింది. ఆ తర్వాత చచ్చేదాకా నేల మీద ఒక్క చుక్క పెట్టలేదు. తన చివరి రోజుల్లో నానమ్మే నొచ్చుకుని పెట్టమన్నా అత్త పెట్టలేదు. "అట్ట మీద ఎడతాను, అక్కడైతే ఎవడూ తొక్కడు" అనేది.

మఠంలో లేసు నేర్పుతున్నారని విని వెళ్ళింది. అక్కడి కన్యాసిస్త్రీలను మేమంతా మాసేర్ అని పిలుస్తాం. వాళ్ళల్లో పెద్ద మాసేరే ఆమెకు కండె పట్టడం నేర్పింది. ఓపికగా, ప్రేమగా నేర్పిందని అత్త ఎప్పుడూ చెప్పేది. ఆ మాట నేను దాచను.

అట్ట చూడగానే అత్తకు అది కొత్తగా అనిపించలేదు. చుక్కలే కదా. మన ముగ్గుల్లో రెండు రకాల చుక్కలున్నాయి. సరిచుక్క అంటే ఒక చుక్క కింద సరిగ్గా ఇంకో చుక్క. సందుచుక్క అంటే రెండు చుక్కల సందులో కింది వరస చుక్క పడుతుంది. ముతక లేసు అట్టలు సరిచుక్కల ముగ్గును పక్కకి తిప్పి పెట్టినట్టు ఉంటాయి. సన్నని నాణ్యమైన లేసు అట్టల మీద మాత్రం గళ్ళు నిలువుగా సాగి, సందుచుక్కలకు దగ్గరగా ఉంటాయి. మొదటిసారి సొంతంగా మూల గీయమని సన్న లేసు అట్ట ఇచ్చినప్పుడు అత్త ఆ రకం గుర్తు పట్టి సంబరపడి, సందుచుక్కల ముగ్గు ఎటు తిరుగుతుందో లేసునూ అటే తిప్పేసింది. సందుచుక్కల ముగ్గు వేసిన ఆడవాళ్ళకి ఇప్పటికే నవ్వు వచ్చి ఉంటుంది. ఆ చుక్కల వెంట పోతే ముగ్గు ఆరు రేకులుగా మూసుకుంటుంది. నాలుగు మూలల రుమాలు కాస్తా ఆరు మూలలదైపోయింది.

"ఆరు మూలల రుమాలు ఎవరికమ్మా?" అని పెద్ద మాసేర్ అడిగిందట.

"కొన్నోడికి ముక్కులెన్నున్నాయో నాకేటి ఎరిక మాసేర్?" అందట అత్త, క్రేయోల్‌లో. మాసేర్ నవ్వు ఆపుకోలేక లేచి వెళ్ళిపోయింది. విప్పెయ్యమని ఎందరు చెప్పినా అత్త విప్పలేదు. ఆరు మూలలూ పూర్తిచేసి, మధ్యలో గుడ్డ వేసి ఇంటికి తెచ్చింది. ఏళ్ళ తరబడి మా మంచినీళ్ళ కుండ మీద అదే మూత. దాహం వేసిన ప్రతివాడూ ఆ తప్పును చేత్తో ఎత్తి పక్కన పెట్టి నీళ్ళు తాగాల్సిందే.

ఆ తర్వాత ఆమె మూలల వెంట పడింది. ఒక విరిగిన అద్దం ముక్క సంపాదించింది. పట్టీ గీసిన అట్ట మీద ఆ ముక్కను ఐమూలగా నిలబెట్టి, మెల్లగా ముందుకూ వెనక్కూ జరుపుతూ చూసేది. అద్దంలో పట్టీ విరిగి తిరిగినట్టు కనిపిస్తుంది. ఎక్కడ ఆపితే మూల అందంగా మూసుకుంటుందో అక్కడ గీత గీసేది. విధవకి అద్దమేమిటి, అదీ పగిలిన అద్దం అని కాంపులో చెవులు కొరుక్కున్నారు. సోకు చేసుకుంటోందన్నారు. ఆ అద్దంలో ఆమె తన ముఖం చూసుకోగా నేను ఒక్కనాడూ చూడలేదు. అసలు అందులో ముఖం పట్టదు.

ముతక లేసుకి అద్దం చాలు. సన్న లేసుకి చాలదు. గళ్ళు సాగి ఉంటాయి కనుక మూల గీత దగ్గర ఇటు చుక్కలూ అటు చుక్కలూ ఒకదాని మీద ఒకటి పడవు. దారం వెళ్ళి ఆనడానికి సూది ఉండదు. చాలామంది అక్కడ చుక్కల్ని అటూ ఇటూ లాగి కలిపినట్టు చేస్తారు. అల్లాక చూస్తే అక్కడ లేసు ఉబ్బిపోయి ఉంటుంది. అత్త అలా చేయలేదు. "కలవనివాటిని కలిసినాయని అబద్దం సెప్పకు. ఆటి నడుమ సోటొగ్గు" అనేది నాతో. ఆ ఖాళీ చోటులో ఆమె చెరుకు వెన్ను, అంటే చెరుకు పూత, పెట్టింది. లోపలి చుక్క దగ్గర సన్నని కాడగా మొదలై, బయటి అంచుకి వచ్చేసరికి విచ్చుకునే వెన్ను. ఇటు నుంచి వచ్చిన దారాలన్నీ అందులోకి దూరి, చిక్కగా అల్లుకుని, అటు వైపు తమ తమ దారిన బయటికి వచ్చేవి. ఒక్క దారం తెగేది కాదు. మా ఫ్లాక్ జిల్లా అంతా చెరుకే కదా. ఆ పువ్వు విచ్చుకోవడం మా అందరి కళ్ళ ముందూ ఉన్నదే, దాన్ని మూలలో పెట్టాలని తోచింది మాత్రం ఆమెకే.

చర్చిలో పీఠం మీద పరిచే గుడ్డకి ఆ మూల అల్లారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ అట్ట మీద నుంచి ఇంకో అట్ట పొడిచి ఫ్రాన్సుకి ఓడ ఎక్కించారు. అత్త గీసిన అట్ట వెనక మఠంలో ఇంకొకామె పేరు రాసి ఉంది. అట్టలు గీసే బల్ల దగ్గర కూర్చునే ఆమె పేరు. అత్త ఆ అట్ట తీసుకుని పెద్ద మాసేర్ దగ్గరికి వెళ్ళి, తన పేరు రాయమని అడిగింది. అంతే అడిగింది.

పెద్ద మాసేర్ కోప్పడలేదు. పీఠం మీద పరిచే గుడ్డ కనుక బాప్తిస్మం లేని పేరు రాయడం కుదరదని, పుచ్చుకుంటే మంచి పేరు ఒకటి పెడతామని, ఆ పేరే అట్టల మీద వేస్తామని, గీసే బల్ల కూడా ఆమెకే ఇస్తామని చెప్పింది. మనసారా చెప్పిందనే నేను నమ్ముతాను.

అత్త, "పేరు మార్సినాక అది నా పేరెలగవుతాది మాసేర్?" అని అడిగిందట. అత్త దిండు అక్కడే వదిలేసి, తన కండెలు కూడా లెక్క అప్పగించి, చేతులూపుకుంటూ ఇంటికి వచ్చేసింది.

మందిరంలో అందరూ సంతోషించారు. చర్చి పీఠానికి గుడ్డ అల్లిందని అప్పటిదాకా ఆమెను శనివారం భజనలో కూర్చోనివ్వలేదు. మందిరం గురువుగారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. నాకు ఈ అక్షరాలు నేర్పింది ఆయనే, అందుకు ఆయనకు ఎప్పుడూ నమస్కారమే. అప్పటికే అత్త కొత్త దిండు ఒకటి సొంతంగా చేసుకుంది. గోనెసంచిలో ఎండుగడ్డి కూరింది, జామకొమ్మలు చెక్కి కండెలు చేసింది, గుండుసూదులు దొరక్క నిమ్మముళ్ళు ఏరి పెట్టుకుంది. దారానికి బదులు మొదట్లో కిత్తనార దువ్వి వాడింది.

"మంచి పని చేశావమ్మా, వాళ్ళని వదిలి వచ్చావు" అన్నారు గురువుగారు. "ఆ విద్య కూడా వదిలెయ్యి. ఈ దిండు మందిరం ముందుకి తెచ్చి అందరూ చూస్తుండగా తగలబెట్టు. వెంటనే లోపలికి వచ్చి ముందు వరసలో కూర్చో."

మా నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. నాన్నకు గొడవలంటే భయం. ఎస్టేటు సర్దారుతో అయినా, బుతిక్‌లో కొట్టువాడితో అయినా, సర్దుకుపోవడమే ఆయనకు తెలుసు. "ఒక దిండే కదక్కా, మళ్ళీ సేసుకోవచ్చు" అన్నాడు.

అత్త నాన్న వైపు చూడలేదు. గురువుగారితోనే, "ఆళ్ళ పేరూ ఒల్లను. మీ మంటా ఒల్లను" అంది. ఆయనకు కూర్చోవడానికి పీట వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆయన టీ తాగకుండా వెళ్ళిపోయారు. ఆ టీ నేను తాగాను, బాగుంది.

ఆ వారం నుంచి శనివారం శనివారం మందిరం కంచె బయట రాయి మీద కూర్చుని భజన పాడేది. ఆమె గొంతు బాగుండేదని ఎవరూ అనలేరు. తాళం కూడా ఆమె ఇష్టం. లోపలివాళ్ళు నెమ్మదిగా పాడితే బయట నుంచి ఆమె గొంతే వినిపిస్తుందని, లోపల కూడా గొంతు పెంచేవారు. మా మందిరంలో భజన అంత జోరుగా సాగిన రోజులు అవేనని ఇప్పటికీ ముసలివాళ్ళు ఒప్పుకుంటారు.

వరండాలో నలుగురు ఆడపిల్లలకి నేర్పడం మొదలుపెట్టింది. నేను, మా కాంపులో ఇంకో ముగ్గురు. నేర్పడంలో ఆమెకో పద్ధతి ఉండేది. తిన్నగా పోయే పట్టీ ముందు గీయనిచ్చేది కాదు. "ముందు మూల గియ్యి. మూల తేలితే మిగిలింది దాని ఎనకాల అదే వస్తాది" అనేది. మేము మూల తెలియక బిక్కముఖం వేస్తే అద్దం ముక్క చేతికిచ్చి వెళ్ళి వంట చేసుకునేది. తన అట్ట మాత్రం మాకు చూపించేది కాదు. ఒకసారి నేను ఏడ్చి, చెరుకు వెన్ను మూల ఎలా గీశావో చూపించమని పట్టుబట్టాను. "ఆయో, అది నా మూలే. నీదెలగుంటాదో నాకేటి తెలుసు?" అంది. గుడ్డ పూర్తికాగానే తన అట్టను ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేసేది. ఇంకో గుడ్డకి మళ్ళీ మొదటి నుంచి గీసుకునేది. అంత మంచి అట్టలు మండిపోతుంటే మాకు ప్రాణం ఉసూరుమనేది. ఆమె మాత్రం ఆ మంట మీదే అన్నం వార్చేది.

పొదుపు తెలియక కాదు ఆ పని. మండిపోయిన అట్ట వెనక ఎవరూ ఇంకొకరి పేరు రాయలేరు.

చివరి ఏడాది చేతులు వణికాయి. కండెలు పట్టలేకపోయింది. అయినా మా పనికి వంక పెట్టడం మానలేదు. నేను పిటాన్ నుంచి అల్లినవి తెచ్చి చూపిస్తే, పట్టీ వైపు చూసేదే కాదు, వేలు తిన్నగా మూల మీదికి పోయేది. "నయమే" అంటే ఆమె నోట అదే పెద్ద మెప్పు. కిందటిసారి నేను వచ్చినప్పుడు "నయమే" అనలేదు. మూలను చాలాసేపు తడిమి, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు ఇప్పుడు రాస్తుంటే కళ్ళు నిండుతున్నాయి. నిండనీ.

ఆమె పోయిన మూడో రోజున మఠం నుంచి మనిషి వచ్చాడు. సంతాపం చెప్పి, ఆమె గీసిన అట్టలు ఏమైనా మిగిలి ఉంటే ఇప్పించమని, భద్రంగా దాచుకుంటామని అడిగాడు. నాన్న చేతులు కట్టుకుని, "ఇచ్చేద్దామా అమ్మీ? ఉంటే మనమేటి సేసుకుంటాం" అన్నాడు. ఒక్కటి కూడా లేదని నేను చెప్పాను. అతను నమ్మలేదు. ఇల్లు వెతుక్కోమన్నాను. అన్ని మూలలు గీసిన మనిషి ఒక్క అట్టయినా దాచుకోకుండా ఉంటుందా అని గొణుక్కుంటూ వెళ్ళాడు. ఇక ఆమె మూలలు ఆమెతోనే పోయినట్టే అన్నారు చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు. మళ్ళీ పాపం అన్నారు.

మేము నలుగురమూ ఆ సాయంత్రమే కూర్చున్నాం. ఆమెకు ఫోటో లేదు. పెద్దకర్మ నాడు దీపం పెట్టేచోట పరచడానికి ఒక గుడ్డకి అంచు అల్లాలని అనుకున్నాం. నలుగురం నాలుగు ముక్కలు అల్లి అతికితే తొందరగా అయిపోతుంది. అలా చేస్తే ఆమె లేచి వచ్చి తిడుతుంది. అందుకని ఒకే దిండు, ఆమె దిండు, పెట్టుకున్నాం. ఒకరు ఒక వైపు అల్లి, తన మూల తిప్పి, దారం తెంపకుండా కండెలన్నీ అలాగే వేలాడుతుండగా దిండు పక్కదాని ఒళ్ళో పెట్టాలి. ముందరి మూల చూసి గీయకూడదని ఒట్టు పెట్టుకున్నాం. పెద్దకర్మలోగా అయిపోవాలని ముతక దారం, వెడల్పు తక్కువ పట్టీ తీసుకున్నాం. పొద్దుటి పనులు వదిలేశాం. నా మూలలో నేను చెరుకు వెన్ను పెట్టలేదు. పెట్టడం నాకు వచ్చు. కానీ అది ఆమెది.

పెద్దకర్మకి గురువుగారు వచ్చారు. బాగా ముసలివారయ్యారు. వాకిలి దాటి లోపలికి వచ్చి, పీట మీద పరిచిన గుడ్డను చూశారు. వంగి ఒక మూల నుంచి ఇంకో మూలకి కళ్ళు తిప్పారు.

"నాలుగు మూలలూ నాలుగు రకాలుగా ఉన్నాయేమిటి? ఒకదానికొకటి పోలిక లేదు" అన్నారు.

మాలో చిన్నది, ఇంకా పెళ్ళి కాని పిల్ల, తల ఎత్తి, "మేం నలుగురం కదండీ గురువుగారూ" అంది.

ఆయనకు నచ్చలేదు. ఇది పద్ధతిగా లేదని, దీపం కింద మామూలు తెల్లగుడ్డ వేయమని నాన్నకి చెప్పారు. అందరూ నాన్న వైపు చూశారు. నాన్న సర్దుకుపోయే మనిషి కదా. నేను నోరు తెరవబోయాను. నాన్న అప్పటికే ముందుకు వెళ్ళి పీట దగ్గర కూర్చున్నాడు. చెరుకు కొట్టి కొట్టి పగుళ్ళు పడిన ఆయన వేళ్ళకి దారం తగులుకుంటుంది. అందుకని చెయ్యి తిరగేసి, చేతి వెనక వైపుతో ముడత పడిన మూలను మెల్లగా సర్దాడు. తర్వాత రెండోది. మూడోది. నాలుగోది.

"దీపం దీని మీదే ఎట్టండి" అన్నాడు.